అమ్మనడిగిన డాక్టరు

రోబో చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేస్తుంటే ఒక చప్పుడు వస్తుంది, కొత్త చీర మీది కవరు విప్పుతున్నట్టు. హైదరాబాదులో నేను ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ను. ప్రోస్టేట్ క్యాన్సర్ కేసు ఉన్న రోజున ఆ చప్పుడుతోనే మా పని మొదలవుతుంది. పేషెంటు మత్తులో ఉంటాడు. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు, అంతే. సర్జన్ పేషెంటును ముట్టుకోడు. గది మూలన కూర్చుని, ఒక పెట్టెలోకి తొంగిచూస్తూ వేళ్ళు కదిలిస్తే ఇక్కడ ఇనుప చేతులు లోపల కోస్తాయి, కుడతాయి. అన్నిటికంటే నాకు వింతేమిటంటే ఈ గదిలో రక్తం వాసన రాదు. అబ్బ, నల్లగొండలో మా పాత థియేటర్ వాసన తలచుకుంటే ఇప్పటికీ నా ముక్కు పసిగడుతుంది! డెట్టాలు, ఉడికించిన రబ్బరు గ్లవ్స్, కిటికీ కింద జనరేటరు డీజిలు, వాటన్నిటి మీదా రక్తం. ఆ వాసనల మధ్య నిలబెట్టి నాకు పని నేర్పిన మనిషి డాక్టర్ హమీద్ గారు. మేమంతా హమీద్ సాబ్ అనేవాళ్ళం.

ఆయన ఈ యంత్రాన్ని చూడకుండానే కన్నుమూశారు. చూసి ఉంటే దాని చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళద్దాలు నొసటి మీదికి నెట్టి, "ఇన్ని చేతులున్నయ్ గని ఒక్క నోరు లేదు. పేషెంటుతోని మాట్లాడేదెవలు సలోమీ?" అనేవారు. సలోమి నేనే. యంత్రమంటే ఆయనకు చిన్నచూపు అనుకోకండి. కొత్త కత్తెర వస్తే చిన్నపిల్లవాడిలా జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి. కొల్లాపూర్ ఆయనది. తండ్రి గిన్నెలకు కళాయి పోసేవాడట. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తుంటే వార్డు అవతలి చివర నుంచే తెలిసిపోయేది. కొల్లాపూర్ మామిడిపండు తప్ప తక్కినవి పండ్ల లెక్కలోకే రావని ఆయన నమ్మకం. ఎండాకాలం వస్తే నర్సులందరి చేతా బలవంతంగా తినిపించి, "ఇప్పుడు చెప్పు, మీ ఊర్లె కాసేది గూడ ఒక మామిడికాయేనా?" అని నన్ను ఏడిపించేవారు. నాది మర్రిగూడ దగ్గర పల్లె. తాగే నీళ్ళే సరిగా లేని చోట మామిడితోట ఎక్కడిది!

ఎనభైల చివర్లో నర్సింగ్ చదువు ముగించి ఆయన పనిచేసే దవాఖానలో చేరాను. మా బాపు యాకోబు, అమ్మ మార్తమ్మ కూలిచేసి బతికినవాళ్ళు. అప్పటికి ఎకరమో రెండెకరాలో సొంత చెలక ఏర్పడింది, కంది, పత్తి వేసేవాళ్ళు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. చేరిన కొత్తలోనే నన్ను మగవాళ్ళ వార్డులో వేశారు. అక్కడ ఎక్కువమంది మూత్రం సంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి, ఒంటేలు ఆగిపోయి వచ్చిన పెద్దవాళ్ళు. గొట్టాలు, సంచులు, కట్లు. తల ఎత్తకుండా, చెమటలు కక్కుతూ పనిచేస్తుంటే హమీద్ సాబ్ గమనించారు. తిట్టలేదు. పక్కకు పిలిచి, "నీకు సిగ్గయితాందా బిడ్డా? నీకంటె వందరెట్లు సిగ్గు గా ముసలాయనకున్నది. జిందగీల పెండ్లాం ముంగట గూడ గిట్ల పండుకోలే. నీ సిగ్గు ఇంట్ల పెట్టిరా. ఆయన ఇజ్జత్ నువ్వు కాపాడు" అన్నారు. ఆ రోజునుంచి ఏ పేషెంటు మీద దుప్పటి జారినా నాకే కోపం వచ్చేది. హమీద్ సాబ్‌కైతే మరీను. పెద్ద డాక్టరైనా సరే, మనిషిని కప్పకుండా మాట్లాడితే వార్డు అదిరేలా అరిచేవారు.

లోపల వేలు పెట్టి పరీక్ష చేయాలంటే ఎంతటి మగవాడైనా మంచం దిగి పారిపోయేవాడు. అప్పుడు ఆయన ఒకటే అనేవారు: "రెండు నిమిషాలు ఇజ్జత్ పోతది, జిందగీ మొత్తం పానం ఉంటది. ఏది గావాలె?" నవ్వుతూ పడుకునేవాళ్ళు. ఆయన ఇంకో అలవాటు మాత్రం నాకు వింతగా ఉండేది. మగవాడి జబ్బు ఏదైనా సరే, ఆపరేషన్ మాట ఎత్తేముందు వాళ్ళ ఇంటామెను గదిలోకి పిలిపించేవారు. ఆ రోజుల్లో ఇది మామూలు సంగతి కాదు. మొగోళ్ళ రోగం ఆడవాళ్ళకు చెప్పడమా! భార్యలు వరండాలో టిఫిన్ గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. లోపల ఏం కోశారో వాళ్ళకు తెలిసేది కాదు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు, ప్రోస్టేట్ ఆపరేషన్‌కు వచ్చి, "మా మిసెస్‌కు హెర్నియా అని చెప్పండి డాక్టర్" అన్నాడు. హమీద్ సాబ్ తాపీగా, "చెప్త సార్. ఇంటికి పొయినంక కొన్ని రోజులు నీకు తెల్వకుండనే బట్టలు తడుస్తయ్. అవి మార్చేదెవలు? నేనొస్తనా, సలోమి వస్తదా?" అని అడిగారు. ఆఫీసరు చూపు తలుపు వైపు పోయింది. "మరి పిలువు ఆమెను" అన్నారు. ఆవిడ లోపలికి వచ్చి, అంతా విని, "ఇంతేనా? ఇన్నాళ్ళూ మొహం మాడ్చుకుని తిరుగుతుంటే వేరే ఎవర్నో తగులుకున్నాడేమో అనుకున్నాను" అంది. ఆ ఆఫీసరు మొహం చూడాలి! మేమంతా బయటికి పరిగెత్తి నవ్వుకున్నాం.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ జబ్బు మా ఇంట్లోనే కూర్చుందని మాకు తెలియలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, కన్నతండ్రి సంగతి ఇలా బయట పెట్టొచ్చా అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. హమీద్ సాబ్ గురించి చెబుతూ ఇది దాచితే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

తొంభైల మొదట్లో ఒకసారి బాపు, అమ్మ నన్ను చూడడానికి నల్లగొండ వచ్చారు, కందులు మూటగట్టుకుని. బాపుకు ఏడాది నుంచి నడుము నొప్పి. రాత్రిళ్ళు మూలుగుతున్నాడని అమ్మ చెప్పేది. మా దిక్కు నడుము నొప్పి అంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి వంగిపోయిన నడుములు ఇంటింటికీ ఉన్నాయి. మోకాళ్ళు బిగుసుకుపోతే నీళ్ళు, మెడ తిరగకపోతే నీళ్ళు. ఊరి ఆర్‌ఎంపీ అదే అన్నాడు, ఊరంతా అదే అంది, నేనూ అదే అనుకున్నాను. బాపు ఎక్స్‌రే కూడా తీయించుకొచ్చాడు. బొక్కలు, అవే ఎముకలు, తెల్లగా మెరిసిపోతున్నాయి. ఫ్లోరైడు పట్టిన బొక్కలు అలాగే తెల్లబడతాయి కనుక, ఊరి పేరు చూడగానే ఎక్స్‌రే తీసిన చోటి డాక్టరు కూడా ఫ్లోరైడే అన్నాడట. ఇక అనుమానమెవరికి?

హమీద్ సాబ్ వరండాలో పోతూ, బెంచీ మీద నుంచి బాపు లేవడం చూసి ఆగారు. "యాకోబన్నా, ఇందాక పాయఖానకు పోయి చానసేపటికొచ్చినవ్. ఒంటేలు మంచిగొస్తాందా?" అని అడిగారు. బాపు మొహం ముడుచుకుని, "నీళ్ళ రోగం సారూ. మా ఊర్లె అందరికున్నదే" అన్నాడు. అప్పుడాయన అమ్మ వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు గూడ అదే నీళ్ళు తాగుతున్నవ్ గదా. నీకు గిట్ల ఆగాగి వస్తాందా?" అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "మరి గా నీళ్ళకు నీ మీద ప్రేమ, యాకోబన్న మీద పగనా? నడువు లోపలికి" అన్నారు. లోపల పరీక్ష చేసి బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. గ్రంథి రాయిలా గట్టిగా తగిలిందట. చిన్న ముక్క తీసి హైదరాబాదు పంపారు. క్యాన్సర్. బొక్కల్లోకి పాకింది. ఆ తెలుపు అంతా నీళ్ళది కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు మాకు తెలిసింది.

అందరినీ గదిలో కూర్చోబెట్టి, బాపు చెయ్యి పట్టుకుని చెప్పారు. "యాకోబన్నా, గ్రంథి దాటి పోయింది. ఇప్పుడు దాన్ని కోసి తీసినా లాభం లేదు. గని గీ రోగానికి ఒక తిండున్నది. మొగోని ఒంట్ల ఊరే రసమే దాని తిండి. అది ఊరేటి వృషణాలు తీసేస్తె, రోగం ఆకలికి పండుకుంటది. నొప్పి తగ్గుతది, ఇంకొన్నేండ్లు తిరుగుతవ్. తియ్యకుంటె మంచంల పడుతవ్, జల్దీ పోతవ్." బాపు తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "అంటె నన్ను ఎద్దును జేస్తనంటవా సారూ?" అన్నాడు. కోడెను పట్టుకుని ఎద్దును చేయడం చూస్తూ పెరిగిన రైతు. ఆయనకు ఇంకో మాట ఎలా వస్తుంది? "దున్నేది ఎద్దే గదన్నా. ఎద్దును ఎవలన్న తక్కువ జేసి చూస్తరా?" అన్నారు హమీద్ సాబ్. "నేను మొగోని లెక్క పుట్టిన, మొగోని లెక్కనే పోత." హమీద్ సాబ్ అమ్మను అడగబోయారు. బాపు లేచి నిలబడ్డాడు. "గీ ముచ్చట్ల దాన్నెందుకడుగుతరు? పావే!" అన్నాడు. అమ్మ లేచి ఆయన వెనకాలే వెళ్ళిపోయింది. మొండోడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. నేను మందుల గదిలో దూరి ఏడ్చాను. మా బాపు బతకడానికి దారి ఉండీ, ఆయన దాని మీద కాలు పెట్టనంటున్నాడు. నాకు చేతులు కట్టేసినట్టే అయింది.

వారం దాటినా బాపు రాలేదు. మంచం పట్టాడని కబురు మాత్రం వచ్చింది. ఆదివారం పొద్దున నేను ప్రార్థనకు బయలుదేరుతుంటే హాస్టల్ గేటు దగ్గర హమీద్ సాబ్ నిలబడి ఉన్నారు, చేతిలో ఒక సంచి. "మీ ఊరికి బస్సెన్ని గంటలకు?" అన్నారు. నేను ప్రార్థన మానుకుని ఆయన వెంట నడిచాను. అంత పెద్ద సర్జను, కిక్కిరిసిన ఎర్రబస్సులో కాళ్ళ మీద ఎవరి గంపో పెట్టించుకుని, మా ఊళ్ళో దిగారు. ఇంటి ముందు మంచం వేస్తే కూర్చున్నారు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. ఎవరో పరుగున పోయి కూల్‌డ్రింకు తెచ్చారు. బయటివాళ్ళకు మేము మా నీళ్ళివ్వం, అది మా మర్యాద. ఆయన సీసా పక్కన పెట్టి కుండ వైపు చూపించారు. ఒక ముసలాయన, "వద్దు సారూ, మా నీళ్ళు తాగకుండ్రి" అన్నాడు. "మీరు పుట్టినకాడికెల్లి తాగుతున్రు, నేనొక్క చెంబు తాగితె సస్తనా?" అని గటగటా తాగేశారు. అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. బాగుందని అడిగి మరీ పెట్టించుకుని తిన్నారు. ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. ఈయన వచ్చింది రొట్టెలు తినడానికా?

జనం పలచబడ్డాక ఇంట్లోకి వచ్చి బాపు మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. బాపు పక్కకు తిరగలేక పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. హమీద్ సాబ్ ఆయనతో మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మను పిలిచి కూర్చోమన్నారు. "అమ్మా, యాకోబన్నకు ఏం గావాలెనో ఆయన చెప్పిండు. నాకు తెలుసు. నీకేం గావాలె?" అమ్మ బాపు వైపు చూసింది. "ఆయన దిక్కు సూడకు. నిన్నే అడుగుతున్న. జల్దేం లేదు, సోచాయించి చెప్పు." అమ్మ పొయ్యిలో కట్టెను లోపలికి నెట్టింది, హమీద్ సాబ్ ఆగారు. అమ్మ కొంగు సర్దుకుంది. పెద్దగొంతు కాదు అమ్మది, కానీ ఆ రోజు ప్రతి మాటా తేటగా వచ్చింది. "పిల్లలను కన్నం, సాదినం, పెద్దజేసినం సారూ. ఇంక నాకు గా ముచ్చటెందుకు? పొద్దుగూకినంక నాతోని మాట్లాడెటోడు గావాలె. కూరల ఉప్పు ఎక్కువైందని ఒర్లెటోడు గావాలె. మొగోడు మొగోడని గీ మనిషి ఎగురుతాండు. నాకు గీ మనిషి గావాలె."

బాపు కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. మా బాపు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. అరచేత్తో చెవులు తుడుచుకుని, "ఓసినీ! గీ మాట దవాఖానల్నే చెప్తె సారుకు గింత తిప్పలుండకపోవు గదనే" అన్నాడు. "నువ్వు చెప్పనిస్తివా?" అంది అమ్మ. హమీద్ సాబ్ పగలబడి నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను. మరునాడు ఊరివాళ్ళ జీపులో బాపును నల్లగొండ తెచ్చాం.

ఆపరేషన్ చిన్నదే. కుట్లు విప్పకముందే నడుము నొప్పి సగానికి సగం తగ్గిపోయింది. నేను డ్యూటీకి వచ్చేసరికి బాపు మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు, గోడకు తగిలించిన అంగీ అందుకోవడానికి. "సారూ, గిది మందా మంత్రమా?" అని అడిగితే హమీద్ సాబ్ ఆనందాన్ని దాచుకోలేక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఏదీ గాదు. దాని తిండి బంద్ వెట్టిన, గంతే. గని అబద్ధం చెప్ప యాకోబన్నా, ఒకనాడు అది మళ్ళ లేస్తది. అప్పటిదాక నీ బతుకు నువ్వు బతుకు" అన్నారు. తియ్యని అబద్ధం చెప్పి పంపే డాక్టర్లను చాలామందిని చూశాను. ఆయనకు అది వచ్చేది కాదు. నాకూ నేర్పలేదు.

బాపు మళ్ళీ చెలకలో దిగాడు. అంతటితో ఊరుకుంటే మా బాపు ఎందుకవుతాడు? చాయ్ హోటల్లో కూర్చుని, ఏ దాపరికం లేకుండా, "నన్ను ఎద్దును జేసిన్రురా. సూడుండ్రి, దున్నుతున్న" అని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే చాటుగా వచ్చి అడిగేవాళ్ళు. "ప్రతిదాన్ని నీళ్ళ మీదికి నెట్టకుండ్రి. ఒంటేలు ఆగుతాందంటె నాతోని రాండ్రి" అని తనే బస్సెక్కించి తెచ్చేవాడు. "మీ బాపు నాకు జీతం లేని కంపౌండరు" అనేవారు హమీద్ సాబ్. అలా వచ్చినవాళ్ళలో చాలామందికి ఉత్త వాపే. మల్లయ్య అనే అతనికి మాత్రం క్యాన్సర్, ఇంకా గ్రంథి దాటలేదు. అతన్ని హైదరాబాదు పంపారు. బొడ్డు కింది నుంచి పెద్ద కోత, అన్నదమ్ములిచ్చిన రక్తం, నెలల తరబడి మంచం. కానీ గ్రంథి మొత్తం తీసేశారు, బతికి బట్టకట్టాడు.

ఇప్పుడు రోబో కేసు ముగిసి, పేషెంటు మర్నాడే వార్డులో నడుస్తుంటే మల్లయ్యే గుర్తొస్తాడు. కోత చిన్నది, రక్తం పోదు, త్వరగా ఇంటికి పోతారు. మంచి కాలమే వచ్చింది. అయినా కొందరికి రేడియేషన్ సరిపోతుంది, కొందరికి ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండడమే మేలు. రోబోతో చేసినా కొంతకాలం బట్టలు తడుస్తాయి, ఆలుమగల మధ్య సంగతి మునుపటిలా ఉండకపోవచ్చు. గాటు చిన్నదైందని నిర్ణయం చిన్నదైపోదు. కాగితాల మీద సంతకాలు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల మగవాళ్ళే పెట్టి లోపలికి వస్తారు.

కొన్నేళ్ళకు, హమీద్ సాబ్ చెప్పినట్టే, బాపు జబ్బు మళ్ళీ లేచింది. ఈసారి పండుకోలేదు. కానీ ఆ కొన్నేళ్ళూ బాపు అమ్మతో పోట్లాడాడు, కూరలో ఉప్పు గురించి ఒర్లాడు, పొద్దుగూకాక గడప మీద కూర్చుని గంటలు గంటలు ముచ్చట్లు పెట్టాడు. బాపును మట్టి చేసిన రోజున హమీద్ సాబ్ కొల్లాపూర్ నుంచి వచ్చారు, అప్పటికి రిటైరై అక్కడే ఉంటున్నారు. చాలాసేపు అమ్మ పక్కన కూర్చుని వెళ్ళారు. కన్నతండ్రిని సాగనంపిన నేను, హమీద్ సాబ్ తిరిగి వెళ్తుంటే ఇంకో తండ్రి పోతున్నట్టు ఏడ్చాను.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ నాతో ఒక మాట అంది. "నన్ను మీ బాపుకిచ్చేటప్పుడు మా నాయిన నన్నడగలె. చెలక కొన్ననాడు మీ బాపు నన్నడగలె. నిన్ను నర్సు సదువుకు తోలేటప్పుడు పాస్టరు గారు ఆయన్నే అడిగిండు. నీకేం గావాలెనమ్మా అని నా జిందగీల అడిగినోడు గా డాక్టరు సారొక్కడే."

ఆ మాట నాతోనే ఉండిపోయింది. నర్సుగా నేను చేసేది చాలావరకు ఎవరైనా చేయగలరు. ఇదొక్కటి మాత్రం ఎవరికీ వదిలిపెట్టను. ఆపరేషన్ గురించి అంతా చెప్పడం అయ్యాక, మగాయన పక్కన మాట్లాడకుండా కూర్చున్న ఆమె వైపు నా కుర్చీ తిప్పుకుంటాను. నీకేం కావాలమ్మా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. కొందరికి చాలాసేపు పడుతుంది. అంతకుముందు వాళ్ళనెవరూ అడిగి ఉండరు.